కట్టిన దారం

కోఠిలో మా కాలేజీ చీకటి గది.
సోడియం దీపం ముందు గులాబీగా వెలుగుతుంది,
పది నిమిషాలు ఓపిక పడితే పసుపుకి తిరుగుతుంది.
ఆ పది నిమిషాల్లోనే పిల్లలు
సిలబస్‌లో లేనివి అడుగుతారు.

నుజ్హత్ కన్ను టెలిస్కోపుకి ఆనించే ఉంది.
"మేడం, శక్తి ముక్కలా, ధారా?"

ముక్కలే, అన్నాను.
పద్దెనిమిదేళ్లుగా అంటున్నదే.
పరమాణువు మెట్లున్న ఇల్లమ్మా,
మెట్టుకీ మెట్టుకీ నడుమ నిలబడే చోటుండదు.
దీపం కుదురుకుంది, ఇప్పుడు చూడు,
రెండే రెండు పసుపు గీతలు,
ఒకే మంచం మీది కవలపిల్లల్లా.
మిగతా అంతా నలుపు.

ఆమె చూసింది. చూసి,
కొమురయ్య రీడింగుల కోసం వెలిగించిన
అరవై వాట్ల బల్బు వైపు గొట్టం తిప్పింది.
ఎరుపు నుంచి ఊదా దాకా ఎక్కడా సందు లేదు,
తడి దుపట్టా దండెం మీద పరిచినట్టు.
"దీన్లో మెట్లేవి మేడం?"

కరెంటు పోయింది.
బతికిపోయాను.

*

ఇరానీ హోటల్లో పక్క బల్ల వాళ్లు
వన్ బై టూ చెప్పారు.
కాంతికి ఆ మర్యాద తెలీదు.
ఏ రంగైనా కావచ్చు, రంగుకీ రంగుకీ మధ్య కంచె లేదు.
రంగంటూ తేలాక మాత్రం
పరమాణువు కప్పు మొత్తం తాగుతుంది,
లేదా ముట్టుకోదు.
ఇది ఆ పిల్లకి చెప్పాల్సింది.
చెప్పినా సగమే చెప్పినట్టు.

నా ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో విరిగి పడింది.
చెంచాతో తీశాను.
ఎన్ని ముక్కలో లెక్క తేలని ముద్ద.

*

జనవరి. కాలేజీ డాబా మీద
కొమురయ్య మనవడి పతంగి,
నుజ్హత్ చేతిలో చరఖా.
బిగిసిన మాంజా గాలికి మోగుతోంది,
ఒకటే స్వరం.
గాలి పెరిగితే ఒక్కసారిగా పై స్వరం.
నడిమివి ఏవీ వినపడవు.
రెండు కొసలూ ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతసేపూ
దారం బతుకు అంతే.

అవతలి డాబా మీంచి ఎవడో లాగాడు.
అఫా!

తెగిన పతంగి సుల్తాన్ బజార్ కప్పుల మీదుగా
ఊగుతూ పోయింది.
ఇక దానికి ఏ ఎత్తయినా ఒకటే,
ఈ ఎత్తు నీది కాదనే వాళ్లు లేరు.

"పాయె," అన్నాడు కొమురయ్య. "ఇంగ దాన్ని ఆపేటోడెవడు?"

నుజ్హత్ నా వైపు చూసింది.
నేను ఆకాశం వైపు.

*

ప్రీఫైనల్‌లో ప్రశ్న నాదే.
"శక్తి క్వాంటీకృతమా? చర్చించుము. ఐదు మార్కులు."
ఆమె జవాబు ఒక్క వాక్యం:
"ఎవరి శక్తి మేడం, కట్టేసినవాళ్లదా, వదిలేసినవాళ్లదా?"
కింద సగం పేజీ ఖాళీ.

కీలో 'అవును' అని ఉంది.
చేతిరాత నాదే.

రెండున్నర వేశాను. కొట్టేశాను.
నాలుగు వేశాను. అదీ కాదు.
యూనివర్సిటీ అరల దాకా ఒప్పుకుంటుంది,
నాకు కావాల్సిన మార్కు
ఆ మెట్ల మీద ఎక్కడా లేదు.

జవాబు పత్రాలు అలాగే వదిలేసి
చీకటి గదికి పోయాను.
గులాబీ. ఆపైన పసుపు.
చీలికని సన్నం చేస్తూ పోయాను,
ఇంకా, ఇంకా.
గీత గీతే. కానీ అంచు లేదు.
రెండు పక్కలా కొంత మసక.
ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా
అది కొంచెం మిగిలే ఉంటుందని పుస్తకంలో ఉంది,
చిన్నక్షరాల్లో,
నేను ఎప్పుడూ దాటవేసే పేజీ కింద.

కొమురయ్య తలుపు దగ్గర తాళంచెవులు ఊపాడు.
"ఇంకెంతసేపు మేడం?"

కొంచెం, అన్నాను.
ఎన్ని నిమిషాలో చెప్పలేదు.